తింటాడని తెలిసినా జనం ఓటెందుకు వేస్తారు? మనవాళ్లకు అవినీతి పట్టదా?

ప్రశ్న అడిగినాయన హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నారట. సెలవులకు ఊరెళ్తే వాళ్ల తాతగారు స్థానిక నాయకుడి గురించి "తింటే తిన్నాడులేరా, రోడ్డయితే వేయించాడు" అన్నారట. ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ 2024 సూచీలో మన దేశం 180 దేశాల్లో 96వ స్థానంలో ఉండటానికి ఇలాంటి ఆలోచనే కారణం కాదా, మన జనానికి అవినీతి అంటే పట్టదా అని అడుగుతున్నారు.

ముందు సమాధానం చెప్పేస్తాను. పడుతుంది. బాగానే పడుతుంది. కాకపోతే ఎవరి డబ్బు పోయింది, ఎంత పోయింది, అడిగితే నాకేమవుతుంది అనే మూడు సంగతులు తేలేదాకా మనవాళ్లు నోరు విప్పరు. ఆ మూడూ తేలిన చోట మీ తాతగారి లాంటి పెద్దమనుషులే మైకు లాక్కుని నిలదీయడం కళ్లారా చూశాను.

నేనెవరో కూడా చెప్పాలి కదా. 2007లో ఉపాధి హామీ సామాజిక తనిఖీలో ఊరి స్థాయిలో చేరాను. తర్వాత డీఆర్పీగా (జిల్లా రిసోర్స్ పర్సన్) పనిచేశాను. మొత్తం 11 ఏళ్లు ఉమ్మడి అనంతపురం జిల్లా మండలాలు తిరిగాను. ఇప్పుడు మా ఊళ్లో అడిగినవాళ్లకు సమాచార హక్కు దరఖాస్తులు రాసిపెడుతుంటాను. ఈ సబ్జెక్టులో డిగ్రీలేమీ లేవు, చూసింది రాస్తున్నాను.

మొదట ఆ 96వ స్థానం సంగతి. ఆ సూచీ జనాన్ని అడిగి తయారుచేసేది కాదు. ప్రభుత్వ రంగంలో అవినీతి ఎంత ఉందని నిపుణులూ వ్యాపార వర్గాలూ అనుకుంటున్నారో కొలిచేది. దాన్ని చూపించి జనానికి పట్టదనడం కుదరదు. జనాన్నే అడిగిన సర్వే వేరే ఉంది. అదే సంస్థ 2020 నవంబరులో ఆసియా దేశాలపై ఇచ్చిన నివేదిక చూడండి. మన దేశంలో 89 శాతం మంది ప్రభుత్వంలో అవినీతి పెద్ద సమస్యే అన్నారు. అంతకుముందు ఏడాదిలో ప్రభుత్వ సేవల కోసం వెళ్లినవాళ్లలో 39 శాతం మంది లంచం ఇచ్చామన్నారు, 46 శాతం మంది తెలిసినవాళ్లను పట్టుకుని పని చేయించుకున్నామన్నారు. ఫిర్యాదు చేస్తే మన మీదే పగబడతారని భయపడినవాళ్లు 63 శాతం. నన్నడిగితే మీ ప్రశ్నకు సగం జవాబు ఈ చివరి అంకెలోనే ఉంది.

మిగతా సగం నాకు ప్రజావేదికలో తెలిసింది.

2006 ఫిబ్రవరి 2న దేశంలో ఉపాధి హామీ మొదలైంది మా జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ ఏడాదే రాష్ట్రంలో సామాజిక తనిఖీలూ మొదలయ్యాయి. పద్ధతి చాలా సులువు. కూలీల ఇళ్లలోని చదువుకున్న పిల్లలకు శిక్షణ ఇచ్చి, సొంతూరు కాకుండా పక్క ఊరికి పంపుతారు. వాళ్లు మస్టర్ల (కూలీల హాజరు పట్టీల) నకళ్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. "నువ్వు ఫలానా వారం పనికి పోయినావా? ఎన్ని దినాలు? ఎంత చేతికొచ్చింది?" అని అడిగి రాసుకుంటారు. తవ్విన గుంతలను టేపుతో కొలిచి ఎం-బుక్‌లో (పని కొలతలు రాసే పుస్తకంలో) రాసిన కొలతతో పోలుస్తారు. ఊళ్లో గ్రామసభ, ఆ తర్వాత మండలంలో ప్రజావేదిక. అక్కడ అందరి ముందూ, అధికారుల ముందూ అన్నీ చదివి వినిపిస్తారు. అధికారుల దగ్గర టీ కూడా తాగకూడదనేది మా నియమం. ఎండల్లో తిరిగేటప్పుడు అది కాస్త కష్టమైన నియమమే.

నేను చేసిన తొలి తనిఖీల్లో ఒక ఊళ్లో ఒక అవ్వ ఉండేది. ముందురోజు ఆమె ఇంటికి పోయి అడిగితే "అందరూ తినేటోళ్లే నాయనా, ఎవుర్నని ఏం లాభం" అని చేతులు తిప్పేసింది. మీ తాతగారి మాటే అనుకోండి. ఆమె మాటను "ఫిర్యాదు లేదు" అని రాసుకుని వచ్చేశాను. మర్నాడు ప్రజావేదికలో ఆ ఊరి మస్టర్ చదువుతూ ఆమె పేరు, 12 రోజులు, అప్పటి 80 రూపాయల కూలి లెక్కన 960 రూపాయలు అని చదివాం. వెనక నుంచి ఆమె లేచింది. "ఆ నెలంతా నేను బెంగళూర్లో బిడ్డకు కాన్పు చేస్తా ఉంటి. నా పేరుతో ఈడ గుంతలు ఎవురు తవ్విరి అబ్బీ?" అని ఊళ్లో ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్‌ను నిలదీసింది. ఆమె లేచాక ఇంకో పదిమంది లేచారు. చనిపోయినవాళ్ల పేర్లూ, వలస పోయినవాళ్ల పేర్లూ అప్పుడే బయటపడ్డాయి.

ఒక్కరోజులో ఆమె నీతి మారిపోలేదు కదా. ముందురోజు అవినీతి అంటే ఆమెకు ఎక్కడో ఎవరో తినే డబ్బు. మర్నాడు అది తన పేరు మీద తీసిన 960 రూపాయలు. పైగా తాను ఒంటరిగా ఆఫీసు మెట్లెక్కి అడగక్కర్లేదు. పదిమందిలో, కలెక్టరాఫీసు నుంచి వచ్చినవాళ్ల ముందు అడిగింది.

పెద్ద అంకెల మీద కోపం నిలవదు. 2010లో 2జీ స్పెక్ట్రమ్ కేటాయింపుల మీద, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ చెప్పిన 1,76,000 కోట్ల నష్టాన్నే తీసుకోండి. అందులో సున్నాలు ఎన్నో మా ఊళ్లో ఎంతమంది చెప్పగలిగారు? 2017 డిసెంబరులో ప్రత్యేక కోర్టు అందరినీ నిర్దోషులని వదిలేసిన రోజు టీ కొట్టు దగ్గర దాని మీద రెండు నిమిషాలు కూడా మాట నడవలేదు. అదే రేషన్ డీలరు కిలోకు వంద గ్రాములు తగ్గించి తూచాడంటే ఆ గొడవ వారం నడుస్తుంది.

ఇక్కడిదాకా చదివి జనం మంచివాళ్లే, వ్యవస్థే చెడ్డది అని నేను చెప్పబోతున్నాననుకుంటే, అది కాదు. అదే ఊళ్లో ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి. ఫీల్డ్ అసిస్టెంట్‌ను తీసేశారు, కొంత డబ్బు కట్టించారు. మూడు నెలలకు ఊరివాళ్లే కొందరు మా దగ్గరకొచ్చి అతన్ని మళ్లీ పెట్టించమన్నారు. "డబ్బు కట్టేసినాడు గదా సార్, చిన్న పిల్లలున్నోడు. ఇంకొగడొస్తే ఇంకా ఎక్కువ తింటాడు." వచ్చినవాళ్లలో ఎక్కువమంది అతని కులం వాళ్లే. ఆశ్చర్యం ఏమిటంటే వాళ్లతో ఆ అవ్వ కూడా ఉంది! ఆమె కార్డు మీద పని అడిగితే అతను ఎప్పుడూ లేదనలేదట. కొత్తవాడికి ఆమె ఎవరో కూడా తెలియదు.

ఇది చూసి అప్పట్లో నాకు ఒళ్లు మండింది. ఇప్పుడంత మండటం లేదు. ఆమెకు ప్రభుత్వం దగ్గరకు పోవడానికి ఉన్న ఒకే ఒక్క తలుపు అతనే. ఆ తలుపు కిర్రుమన్నా, కాస్త వంకరగా ఉన్నా, మూసుకుపోతే ఆమెకు వేరే దారి లేదు. మీ తాతగారి నాయకుడు కూడా ఆయనకు అలాంటి తలుపే అయ్యుంటాడు. ఆస్పత్రిలో బెడ్ కావాలన్నా, పోలీస్ స్టేషన్‌లో ఎవరినైనా పట్టుకొచ్చినా, పింఛను ఆగినా ఫోన్ ఎత్తే మనిషి. ఆ పనులు ఏ ఫోనూ లేకుండా జరిగే రోజు వస్తే అతను ఎంత తిన్నాడో లెక్కలు తీసేవాళ్లు వాళ్లే.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కూడా కాదు. జపాన్ ప్రధానిగా చేసిన కకుయెయ్ తనాకాకు లాక్‌హీడ్ విమానాల కంపెనీ నుంచి 50 కోట్ల యెన్‌ల లంచం కేసులో 1983 అక్టోబరులో కోర్టు నాలుగేళ్ల జైలు వేసింది. రెండు నెలలు దాటగానే, డిసెంబరు ఎన్నికల్లో ఆయన సొంత ప్రాంతం నియిగాతా ఓటర్లు ఆయనకు 2 లక్షల 20 వేలకు పైగా ఓట్లు వేసి గెలిపించారు. శిక్ష పడిందని తెలియకా? ఆ మంచు కొండల ప్రాంతానికి రోడ్లూ, సొరంగాలూ, 1982లో బుల్లెట్ రైలూ తెచ్చినవాడాయన. టోక్యో వాళ్లు తమను చిన్నచూపు చూస్తున్నారని చాలాకాలంగా రగులుతున్న జనానికి, టోక్యో కోర్టు తీర్పు కూడా అందులో భాగంలాగే కనిపించింది. బ్రెజిల్‌లో అయితే దీనికి సామెతే ఉంది, "దొంగిలిస్తాడు గానీ పని చేస్తాడు" అని. గత శతాబ్దం మధ్యలో సావో పాలో నాయకుడు అదెమార్ ది బరోస్ పేరు మీదుగా అది వాడుకలోకి వచ్చింది. మీ తాతగారు పోర్చుగీసు నేర్చుకోకుండానే ఆ మాట అన్నారు.

మరి అవినీతి మీద కోపంతో ప్రభుత్వాలు పడిపోవా అంటే, పడిపోతాయి. 1989లో బోఫోర్స్ ఫిరంగుల కొనుగోలులో ముడుపుల ప్రచారం దేశమంతా హోరెత్తింది. అప్పుడు నేను బడిలో ఉన్నాను. 64 కోట్లు అనే అంకె మా రచ్చబండ మీద కూడా వినిపించేది. 1984లో 400 దాటిన కాంగ్రెస్ 197కు పడిపోయింది. కానీ అదే ఎన్నికల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఏం చేసిందో గుర్తుందా? 42 లోక్‌సభ స్థానాల్లో 39 కాంగ్రెస్‌కే ఇచ్చింది. ఎందుకంటే ఇక్కడ గద్దె మీద ఉన్నది తెలుగుదేశం, జనం కోపం దాని మీద ఉంది. ఒకే ప్రచారం, ఒకే అంకె, తీర్పు మాత్రం తలకిందులు. అందుకే "ఓటు" చూసి అవినీతి మీద జనం అభిప్రాయం చెప్పేయడం తొందరపాటు అంటాను. ఓటులో కులం, పింఛను, అభ్యర్థి చుట్టరికం, అవతలివాడి మీద కసి అన్నీ కలిసి ఉంటాయి. అవతలివాడు కూడా తినేవాడే అని తేలిపోయిన చోట అవినీతి అనే పాయింటు రెండు వైపులా కొట్టుకుపోతుంది.

అభ్యర్థులు కేసులూ ఆస్తులూ అఫిడవిట్‌లో చెప్పాల్సిందే అని సుప్రీంకోర్టు 2002లో తీర్పిచ్చింది. అప్పుడు నాలాంటివాళ్లం చాలా ఆశపడ్డాం. ఆ అఫిడవిట్లను లెక్కగట్టే ఏడీఆర్ సంస్థ అంకెలు చూస్తే క్రిమినల్ కేసులున్న లోక్‌సభ సభ్యులు 2009లో 162 మంది, 2014లో 185, 2019లో 233, 2024లో 251. వివరాలు బయటపెట్టాక ఆ సంఖ్య తగ్గకపోగా పెరుగుతూ పోయింది. (ఒక మాట. ఆ కేసులన్నీ అవినీతివి కావు, ధర్నా కేసులూ అందులోనే ఉంటాయి.) నాకనిపించే కారణం, అఫిడవిట్‌లో అవ్వ పేరు ఉండదు.

ఇక ఓటుకు నోటు. 2021 హుజూరాబాద్ ఉప ఎన్నికప్పుడు కొన్ని ఊళ్లలో మాకు డబ్బు అందలేదని జనం రోడ్డెక్కారు. టీవీల్లో చూసి అంతా నవ్వారు. నాకు మాత్రం అందులో ప్రజావేదికే కనిపించింది. వాళ్ల దృష్టిలో అది తమ పేరు మీద వచ్చిన డబ్బు, మధ్యలోవాడు మింగాడు. అడిగే హక్కు ఉందనుకున్నారు, అడిగారు. అది తప్పుడు డబ్బు అనే స్పృహ లేకపోవడం బాధే, కాదనను. అయితే తీసుకున్నవాళ్లంతా ఇచ్చినవాడికే ఓటేస్తారనుకోవడమూ పొరపాటే. "అందరి దగ్గరా తీసుకో, నచ్చినోడికి గుద్దు" అనేది మా వైపు మామూలు మాట.

ఇప్పుడు లంచం సంగతి. ఇక్కడ జనం రెండు రకాలను స్పష్టంగా వేరుచేస్తారు. మీరు పేపర్లలో చదివేటప్పుడు ఆ తేడా గమనించండి. నాకు రావలసిన పని చేయడానికి పీడించి తీసుకునేది ఒకటి, నాకు రాకూడనిది ఇప్పించడానికి కుమ్మక్కై పంచుకునేది ఇంకొకటి. మొదటిదాన్లో ఇచ్చేవాణ్ని ఎవరూ తప్పుపట్టరు, "చేయి తడపక ఏం చేస్తాడు పాపం" అంటారు. రెండోదాన్ని "కమీషన్", "పర్సంటేజీ" అంటారు. అందులో ఎవరూ బాధితుడిగా కనిపించడు కాబట్టి కోపమూ పుట్టదు. నిజానికి ఊరిని ఎక్కువ ముంచేది ఈ రెండోదే. చెక్‌డ్యామ్ సిమెంట్‌లో తగ్గించింది ఏ ఒక్కరి జేబులోంచీ పోయినట్టు అనిపించదు.

ఆర్థికవేత్త కౌశిక్ బసు కేంద్ర ప్రభుత్వ ముఖ్య ఆర్థిక సలహాదారుగా ఉన్నప్పుడు 2011లో ఒక ప్రతిపాదన చేశారు. పీడిస్తే లంచం ఇచ్చినవాడికి శిక్ష వద్దు, అప్పుడు ధైర్యంగా వచ్చి చెబుతాడు అని. గట్టిగా గొడవ జరిగింది. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించినప్పుడు మాత్రం ఇచ్చేవాడిదీ నేరమే అన్నారు. బలవంతం మీద ఇచ్చి, 7 రోజుల్లోపు పోలీసులకో ఏసీబీకో (అవినీతి నిరోధక శాఖ) చెబితేనే మినహాయింపు. మా ఊళ్లో ఈ 7 రోజుల సంగతి ఎంతమందికి తెలుసో నేను లెక్కపెట్టలేదు గానీ, దరఖాస్తు రాయించుకోడానికి వచ్చినవాళ్లకు చెబితే ప్రతిసారీ "అట్నా?" అనే అంటారు.

ఏసీబీకి చెప్పమని నేనే ఒక రైతును చాలాసార్లు బతిమాలాను. పాస్ పుస్తకంలో విస్తీర్ణం తప్పు పడింది. సరిచేయడానికి 8 వేలు అడిగారు. నేను వెంట వస్తానన్నాను. నోట్ల నంబర్లు ముందే రాసుకుంటారని, పొడి పూస్తారని, పట్టుకున్నాక వేళ్లు ద్రావణంలో ముంచితే గులాబీ రంగు వస్తుందని, ఆ డబ్బు తర్వాత ఏసీబీ వాళ్లే తిరిగిస్తారని అంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. ఆఖరికి "ఈయప్పను పట్టిస్తాం సరే. రేపొచ్చే ఆయప్ప నా ఫైలు ముట్టుకుంటాడా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. 8 వేలను 6 వేలకు బేరమాడి ఇచ్చుకున్నాడు. ఆ బేరం కుదిరిందని సంతోషంగా కూడా ఉన్నాడు. ఈ మనిషికి అవినీతి పట్టదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కేసు ఏళ్లు నడుస్తుందని, మధ్యలో తాను కోర్టు మెట్లెక్కాలని, అవతలివాడు సస్పెన్షన్ ముగించుకుని వేరే సీట్లోకి వస్తాడని అతనికి తెలుసు. ఫిర్యాదుదారుడు చనిపోయినా, ఎదురు తిరిగినా చుట్టుపక్కల సాక్ష్యాలతో లంచం అడిగిన సంగతి నిరూపించవచ్చని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. మంచి తీర్పే. కానీ అతని ఫైలు భయం అలాగే ఉంది.

నా సంగతి కూడా చెప్పకపోతే బాగుండదు. మా నాన్న పోయాక ఒక సర్టిఫికెట్ కోసం ఒక ఆఫీసు చుట్టూ రెండు నెలలు తిరిగాను. బ్యాంకులో గడువు దగ్గరపడుతోంది, అమ్మ రోజూ టెన్షన్ పడుతోంది. 1,500 ఇచ్చేశాను. ఊరూరా తిరిగి 80 రూపాయల మస్టర్లు పట్టుకున్నవాణ్ని! మర్నాడే సర్టిఫికెట్ చేతికొచ్చింది. సిగ్గుపడ్డాను. అంతకంటే ఎక్కువగా, పని అయిందన్న నిమ్మళం కలిగింది. ఆ నిమ్మళాన్ని తలచుకుంటే ఇప్పటికీ చిరాకే.

అలాగని జనం వైపు తప్పేమీ లేదనుకోకండి. పెళ్లి సంబంధాల దగ్గర "జీతం సరే, పైన ఎంత?" అని అడిగేది మనమే. పై సంపాదన ఉన్న శాఖ అబ్బాయికి కట్నం ఎక్కువ పలుకుతుంది. ఆ కట్నం రాబట్టుకునేది ఎవరి దగ్గరో మళ్లీ మనకు తెలుసు. రోడ్డు మీద లంచగొండిని తిట్టి, ఇంట్లో అలాంటి అల్లుడి కోసం వెతికే మనుషులను నేను ఒక్కరిద్దర్ని కాదు, చాలామందిని చూశాను. భయం అనే కారణం ఇక్కడ పనికిరాదు. ఇది ఆశే.

ఇంకొక సంగతి క్లుప్తంగా. మీసేవ వచ్చాక చాలా సర్టిఫికెట్లకు తిరుగుడు తగ్గింది. మనిషి మొహం చూడకుండా అయ్యే పనుల్లో లంచం తగ్గుతుంది. ఎక్కడైతే చివరికి ఎవరో ఒకరు "విచారణ చేసి" సంతకం పెట్టాలో అక్కడ అలాగే ఉంది. ఆన్‌లైన్ అనగానే అంతా మారిపోతుందని కలలు కనక్కర్లేదు.

ఇక మీ తాతగారి దగ్గరకు వద్దాం. ఆయనతో వాదించకండి, 96వ స్థానం అని అసలు అనకండి. ఆ రోడ్డు వేయించింది ఏ శాఖో కనుక్కుని, ఆ ఆఫీసులో పౌర సమాచార అధికారి పేర సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రాల్లో ఊరి స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10. "రోడ్డులో అవినీతి జరిగిందా" అని రాయకండి, అలాంటి ప్రశ్నకు జవాబు రాదు. ఫలానా చోటు నుంచి ఫలానా చోటికి వేసిన రోడ్డు ఎస్టిమేట్, ఎం-బుక్, చెల్లించిన బిల్లుల నకళ్లు కావాలని రాయండి. పేజీకి 2 రూపాయలు కట్టమంటారు. 30 రోజుల్లో ఇవ్వాలి, ఇవ్వకపోతే అదే శాఖలో పై అధికారికి అప్పీలు. వెళ్లేటప్పుడు ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకుని, ముగ్గురి పేర్ల మీద మూడు దరఖాస్తులు పెడితే ఇంకా మంచిది.

నకళ్లు వచ్చాక ఒక టేపు కొనుక్కుని, తాతగారిని వెంట తీసుకెళ్లి రోడ్డు వెడల్పూ మందం కొలవండి. కాగితం మీద ఉన్న కొలత ఆయన చేతే చదివించండి. రోడ్డు సరిగ్గానే ఉండొచ్చు కూడా, అలాంటివి కొన్ని నేనూ చూశాను. తక్కువొస్తే తాతగారు ఏమన్నారో ఇక్కడ రాయండి.